టర్కీ పత్రికల్లో విదేశాంగ వార్తలను చదవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

1996 జనవరి 27న ఏజియన్ సముద్రంలోని ఒక బోడి రాతి దిబ్బ మీద హెలికాప్టర్ దిగింది. టర్కీవాళ్లు ఆ దిబ్బను కార్దాక్ అంటారు, గ్రీకులు ఇమియా అంటారు. అక్కడ మనుషులెవరూ ఉండరు. హెలికాప్టర్‌లోంచి దిగినవాళ్లు సైనికులు కారు, హుర్రియెత్ అనే పెద్ద టర్కీ దినపత్రిక విలేకరులు. అంతకు ఒకటి రెండు రోజుల ముందు పక్కనున్న కాలిమ్నోస్ దీవి మేయర్ అక్కడ గ్రీకు జెండా ఎగరేశాడు. విలేకరులు దాన్ని దించి, టర్కీ జెండా నిలబెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. వారం తిరక్కముందే రెండు నాటో సభ్యదేశాల యుద్ధనౌకలు ఎదురెదురుగా నిలిచాయి. ఒక గ్రీకు హెలికాప్టర్ కూలి ముగ్గురు అధికారులు చనిపోయారు. చివరికి అమెరికా కల్పించుకుంటే గానీ ఇరుపక్షాలూ వెనక్కి తగ్గలేదు.

టర్కీలో పత్రికకూ విదేశాంగానికీ మధ్య గీత ఎంత సన్ననిదో ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి. అప్పుడు పత్రిక ప్రభుత్వాన్ని లాక్కుపోయింది. గత పదిహేనేళ్లలో వ్యవహారం ఎక్కువగా తిరగబడింది, ఇప్పుడు ప్రభుత్వమే పత్రికను నడిపిస్తోంది. కాబట్టి అక్కడి విదేశాంగ వార్తల్లో చాలావాటిని అంకారా, అంటే టర్కీ ప్రభుత్వం, ఎవరో ఒకరికి పంపుతున్న సందేశంగా చూడాలి. ఎవరు పంపుతున్నారు, ఎవరికి పంపుతున్నారు, ఇప్పుడే ఎందుకు పంపుతున్నారు అని తేల్చుకుంటే ఆ వార్త ఎంతో చెబుతుంది. తేల్చుకోకుండా తెలుగులోకి దించితే మనం తెలియకుండానే ఆ సందేశాన్ని మోసుకెళ్తాం.

హైదరాబాద్ వాళ్లకు టర్కీ కొత్త కాదు. టర్కీని ఏలిన ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం ఇంటి కోడలైంది. నీలోఫర్ ఆస్పత్రికి ఆ పేరు వచ్చింది కూడా ఆ రాజవంశపు ఆడపడుచు నుంచే. అయినా నేటి టర్కీ గురించి తెలుగులో మనకు అందేది ఎక్కువగా మూడో చేతి సమాచారమే. న్యూస్ డెస్క్‌లో పనిచేసేవాళ్లకు, సివిల్స్‌కో గ్రూప్-1కో చదివేవాళ్లకు, 2025 మే నాటి భారత్-పాకిస్తాన్ ఘర్షణ తర్వాత టర్కీ మీద ఆసక్తి పెరిగిన మామూలు పాఠకులకు పనికొస్తుందని ఈ మార్గదర్శి రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు: భాష

టర్కిష్ రాదని వెనక్కి తగ్గకండి. 1928 నుంచి ఆ భాషను లాటిన్ అక్షరాల్లోనే రాస్తున్నారు కాబట్టి పేర్లు, ఊళ్లు, సంస్థలు కళ్లకు దొరుకుతాయి. బ్రౌజర్‌లోని అనువాద సదుపాయం వాడితే సారాంశం అర్థమవుతుంది. ఉర్దూ చెవిన పడుతూ పెరిగినవాళ్లకు ఇంకా సులువు: హబెర్ అంటే ఖబర్, సియాసెత్ అంటే సియాసత్, హుకుమెత్ అంటే హుకూమత్. వతన్, దోస్త్, దుష్మన్ దాదాపు అలాగే ఉంటాయి. కానీ జాగ్రత్త, దెవ్లెత్ అంటే వాళ్లకు సంపద కాదు, రాజ్యం.

ఇంగ్లిష్ ఎడిషన్లతో సరిపెట్టుకుందామని అనిపిస్తుంది. సరిపోదు. సబాహ్ పత్రిక టర్కిష్‌లో స్వదేశీ ఓటరుతో మాట్లాడుతుంది. దాని ఇంగ్లిష్ రూపం డెయిలీ సబాహ్, 2014లో మొదలైంది, వాషింగ్టన్, బ్రస్సెల్స్‌లలోని రాయబారులతో మాట్లాడుతుంది. ఒకే ప్రసంగంలోంచి ఒకటి ఏ వాక్యాన్ని శీర్షికకు ఎత్తుకుంది, రెండోది ఏ వాక్యాన్ని ఎత్తుకుంది అని చూడండి. ఆ రెండు ఎంపికల తేడాలోనే సగం విషయం బయటపడుతుంది.

మొదటి మెట్టు: పత్రిక ఎవరిదో తెలుసుకోండి

అనదోలు ఏజెన్సీ ప్రభుత్వ వార్తాసంస్థ. ఆధునిక టర్కీ స్థాపకుడు ముస్తఫా కెమాల్ సంకల్పంతో 1920 ఏప్రిల్ 6న పుట్టింది. అంకారాలో జాతీయ అసెంబ్లీ కొలువుదీరింది అదే నెల 23న. అంటే పార్లమెంటు కన్నా వార్తాసంస్థ వయసులో పెద్దది. తమ మాట ప్రపంచానికి తామే చెప్పుకోవాలన్న పట్టుదల ఆ రాజ్యానికి పుట్టుకతోనే ఉంది. టీఆర్‌టీ ప్రభుత్వ ప్రసార సంస్థ, 1964లో ఏర్పడింది. దాని ఇంగ్లిష్ ఛానల్ టీఆర్‌టీ వరల్డ్ 2015లో వచ్చింది. ఈ రెండింటిలో వచ్చేది అధికారిక స్వరం అని లెక్కవేసుకోండి. అబద్ధమని కొట్టిపారేయాల్సిన పని లేదు, అంకారా ఏం చెప్పదలుచుకుందో కచ్చితంగా తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

చిక్కంతా ప్రైవేటు పత్రికలతోనే. హుర్రియెత్ 1948లో సెదాత్ సిమావి పెట్టిన పత్రిక, దశాబ్దాల పాటు దేశపు ప్రధాన స్రవంతికి గుర్తు. 2018లో దోఆన్ గ్రూప్ నుంచి దెమిరొరెన్ గ్రూప్ చేతికి వెళ్లింది. మిల్లియెత్ అంతకుముందే, 2011లో అదే గ్రూప్ చేతికి వచ్చింది. సీఎన్ఎన్ తుర్క్ కూడా ఇప్పుడు వాళ్లదే. సబాహ్ పత్రిక, ఏ హబెర్ ఛానల్ తుర్కువాజ్ మీడియావి. దాని వెనకున్న కల్యోన్ గ్రూప్ ఇస్తాంబుల్ కొత్త విమానాశ్రయం కట్టిన కంపెనీల్లో ఒకటి. యెని షఫాక్ అల్బాయ్రాక్ గ్రూప్‌ది. ఈ గ్రూప్ సోమాలియా రాజధాని మొగదిషు ఓడరేవును 2014 నుంచి నడుపుతోంది. కాబట్టి యెని షఫాక్‌లో సోమాలియా గురించి, ఆఫ్రికాలో టర్కీ పాత్ర గురించి వ్యాసం కనిపిస్తే ఓడరేవు సంగతి గుర్తుంచుకుని చదవండి. ప్రభుత్వ కాంట్రాక్టులు, విదేశాల్లో వ్యాపారం, పత్రిక ఒకే ఇంట్లో ఉన్నప్పుడు సంపాదకుడికి ఎవరూ ఫోన్ చేసి చెప్పనక్కర్లేదు.

యాజమాన్యం మారుతూ ఉంటుంది, ఏడాదికోసారైనా సరిచూసుకోండి. హబెర్‌తుర్క్ ఛానల్ కొత్త యజమానుల చేతికి వచ్చిన కొద్దికాలానికే, 2025 సెప్టెంబర్‌లో, ఆ కంపెనీపై దర్యాప్తు పేరుతో ప్రభుత్వ నిధి సంస్థ అజమాయిషీలోకి వెళ్లింది.

ఇక రెండోవైపు: 1924 నుంచి నడుస్తున్న జుమ్హురియెత్, లౌకిక జాతీయవాద సోజ్‌జు, వామపక్ష పత్రికలు బిర్‌గున్, ఎవ్రెన్సెల్, ఆన్‌లైన్‌లో టీ24, మెద్యస్కోప్. ఆర్మేనియన్ సమాజపు వారపత్రిక ఆగోస్ కూడా ఉంది. దాని వ్యవస్థాపకుడు హ్రాంత్ దింక్‌ను 2007 జనవరి 19న పత్రికాఫీసు ముందే కాల్చి చంపారు.

ఇక్కడే కొత్త పాఠకుడు తరచూ తప్పటడుగు వేస్తాడు. ప్రభుత్వ వ్యతిరేక పత్రిక అంటే విదేశాంగంలోనూ వ్యతిరేకమే అనుకుంటాడు. సైప్రస్, ఏజియన్ దీవులు, సిరియా శరణార్థుల విషయంలో సోజ్‌జు లాంటి పత్రిక ప్రభుత్వం కన్నా గట్టిగా మాట్లాడుతుంది. అధ్యక్షుడు ఎర్దోగాన్ మెత్తబడ్డాడన్నదే దాని ఫిర్యాదు. అయ్‌దిన్లిక్ అనే మరో పత్రిక అమెరికాకు దూరంగా, రష్యా చైనాలకు దగ్గరగా జరగాలని పట్టుబడుతుంది. మన దగ్గర ఒకే సంఘటనను రెండు తెలుగు పత్రికల్లో పక్కపక్కన పెట్టి చదివి నిజం ఎక్కడుందో ఊహించే అలవాటు చాలామందికి ఉంది. టర్కీ విషయంలో రెండు చాలవు. ప్రభుత్వానికి దగ్గరివి, లౌకిక జాతీయవాదులవి, వామపక్షం లేదా స్వతంత్ర వెబ్‌సైట్లు, ఇలా కనీసం మూడు రకాలు చూడాలి.

రెండో మెట్టు: పత్రిక కన్నా ముందు ప్రకటన చదవండి

విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ప్రకటనలు టర్కిష్, ఇంగ్లిష్ రెండింటిలోనూ ఉంటాయి. వాటిని ముందు చదివి, తర్వాత పత్రికకు వెళ్లండి. ప్రకటనలో లేని మాట పత్రికలో ఉందంటే అది ఎక్కడి నుంచో వచ్చింది. ఆ ఎక్కడి నుంచో అన్నదే మన పరిశోధన.

అంకారా వారానికి ఒక లయ ఉంది. మంత్రివర్గ సమావేశాలు సాధారణంగా సోమవారం, పాలక ఏకే పార్టీ పార్లమెంటరీ సమావేశంలో ఎర్దోగాన్ ప్రసంగం తరచుగా బుధవారం, రక్షణ శాఖ బ్రీఫింగ్ గురువారం. ఆ గురువారపు బ్రీఫింగ్‌ను వదలకండి. అధికారిక ప్రకటన తర్వాత విలేకరుల ప్రశ్నలకు జవాబులు ‘రక్షణ శాఖ వర్గాలు’ అన్న పేరుతో బయటికి వస్తాయి. సిరియా, గ్రీస్, నల్లసముద్రం గురించి అసలు సంకేతాలు చాలాసార్లు ఆ జవాబుల్లోనే ఉంటాయి. రెండు నెలలకోసారి జాతీయ భద్రతా మండలి ప్రకటన వస్తుంది. దాన్ని ముందటి ప్రకటనతో పోల్చి, ఏ దేశం పేరు కొత్తగా చేరింది, ఏది తప్పుకుంది అని చూడండి.

విమానం ముచ్చట్లు కూడా ఉన్నాయి. విదేశీ పర్యటన నుంచి తిరిగొస్తూ ఎర్దోగాన్ తన విమానంలో ఉన్న విలేకరులతో మాట్లాడతాడు. ఆ సీట్లు దాదాపు ఎప్పుడూ అనుకూల మీడియాకే దక్కుతాయి. అందరి దగ్గరా ఒకే పాఠం ప్రచురితమవుతుంది కాబట్టి పది పత్రికలు చదవక్కర్లేదు, ఒకటి చాలు. కానీ ఆ ఒక్కటి పూర్తిగా చదవాలి, ఎందుకంటే అడిగిన ప్రశ్నలు కూడా సంకేతాలే.

మూడో మెట్టు: ‘వర్గాలు’ ఎవరు?

టర్కీ వార్తల్లో మూలం పేరు చెప్పకపోవడం మామూలు, అయినా ఏ మాట వాడారన్నది యాదృచ్ఛికం కాదు. ‘దిషిష్లెరి కైనక్లారి’ అంటే విదేశాంగ శాఖ వర్గాలు. భాష మర్యాదగా, న్యాయశాస్త్రం వాసనతో ఉంటుంది. ‘గువెన్లిక్ కైనక్లారి’ అంటే భద్రతా వర్గాలు. విదేశీ వ్యవహారాల్లో ఈ మాట కనిపిస్తే అక్కడి అనుభవజ్ఞులైన పాఠకులు చాలాసార్లు ఎంఐటీ అనే గూఢచార సంస్థ అనే చదువుకుంటారు. ఇప్పటి విదేశాంగ మంత్రి హకాన్ ఫిదాన్ 2010 నుంచి 2023 దాకా ఆ సంస్థ అధిపతి. ఇప్పటి ఎంఐటీ అధిపతి ఇబ్రహీం కాలిన్ అంతకుముందు అధ్యక్షుడి ప్రతినిధిగా రోజూ పత్రికలతో మాట్లాడినవాడు. ఈ ఇద్దరి ప్రయాణాలు తెలిస్తే దౌత్యం, గూఢచర్యం, మీడియా ఎంత పెనవేసుకున్నాయో అర్థమవుతుంది. సిరియా, ఇరాక్, లిబియా విషయాల్లో చాలా పని ఎంఐటీ మార్గంలోనే నడుస్తుంది, దాని వార్త కూడా ఆ మార్గంలోనే వస్తుంది.

క్రియాపదాలు కూడా గమనించండి. ‘బెలిర్తిల్ది’ అంటే ‘పేర్కొన్నారు’, ‘ఒరెనిల్ది’ అంటే ‘తెలిసింది’, ‘ఇద్దియా ఎదిల్ది’ అంటే ‘అలా అంటున్నారు’. మొదటిదానికి ఎవరో బాధ్యత తీసుకున్నారు. రెండోదానికి చెప్పినవాడు తెర వెనకున్నాడు. మూడోదానికి పత్రిక తానే దూరం జరిగింది. మెషిన్ అనువాదంలో ఈ మూడూ చదునై ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. అనుమానం వచ్చినచోట మూలం తెరిచి ఆ ఒక్క పదం చూసుకోండి.

నాలుగో మెట్టు: పేర్లను బట్టి వైఖరి

టర్కీ పత్రికలో ఏ సరిహద్దు వివాదం చదివినా ముందు పేర్లు చూడండి. ఐక్యరాజ్యసమితిలో సైప్రస్ రిపబ్లిక్ అని కూర్చునే దేశం టర్కీ పత్రికల్లో ‘దక్షిణ సైప్రస్ గ్రీకు పాలనా యంత్రాంగం’ అవుతుంది. 1983 నవంబర్ 15న ప్రకటించుకున్న ఉత్తర సైప్రస్ టర్కిష్ రిపబ్లిక్‌ను గుర్తించింది టర్కీ ఒక్కటే, అక్కడి పత్రికల్లో మాత్రం అది మామూలు దేశం. 1974 జూలై 20న మొదలైన సైనిక చర్య అక్కడ ‘శాంతి ఆపరేషన్’, గ్రీకు పత్రికల్లో ‘దండయాత్ర’. సిరియాలో టర్కీ సైన్యం జరిపిన చర్యల పేర్లూ ఆ వరసలోనే ఉంటాయి: 2016లో యూఫ్రటీస్ కవచం, 2018లో ఆలివ్ కొమ్మ, 2019లో శాంతి ఊట.

ఇవి తెలుగులోకి తెచ్చేటప్పుడు సొంత నిర్ణయం అవసరం. నా అభిప్రాయంలో ఆపరేషన్ పేరును ఉటంకింపు గుర్తుల్లో పెట్టి, పక్కనే ‘ఉత్తర సిరియాలో టర్కీ సైనిక చర్య’ అని మామూలు మాటల్లో చెప్పడం మంచిది. ‘ఎత్కిసిజ్ హాలె గెతిరిల్ది’ అన్న మాటను మరీ జాగ్రత్తగా చూడండి. ‘నిర్వీర్యం చేశారు’ అని దాని అర్థం. కుర్దు సాయుధుల గురించి అధికారులు వాడే ఈ మాటలో చనిపోయినవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, లొంగిపోయినవాళ్లు అందరూ కలిసిపోతారు. ‘హతమార్చారు’ అని తెలుగులో రాస్తే వార్తలో లేని మరణాలు మనం చేర్చినట్టే.

‘మావి వతన్’, అంటే నీలి మాతృభూమి, ఇంకో ముఖ్యమైన మాట. 2006లో అడ్మిరల్ జెమ్ గుర్దెనిజ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సముద్ర సిద్ధాంతం మొదట నౌకాదళ వర్గాలకే పరిమితం. తర్వాత పత్రికల ద్వారా ప్రజల నాలుకల మీదికెక్కి, 2019 నవంబర్‌లో లిబియాతో కుదిరిన సముద్ర సరిహద్దుల ఒప్పందం నాటికి అధికారిక ప్రసంగాల్లో భాగమైంది. ‘దోస్త్ వె కర్దెష్’, అంటే మిత్ర, సోదర దేశం అన్న బిరుదు అజర్‌బైజాన్, పాకిస్తాన్, ఖతార్ లాంటి వాటికే దక్కుతుంది. ఆ బిరుదు కొత్తగా ఎవరికి తగిలిందో, ఎవరికి ఊడిందో చూస్తూ ఉండండి.

ఐదో మెట్టు: ఒకే పత్రికను ఏళ్ల వెంబడి చదవండి

ఈ పద్ధతికి జమాల్ ఖషోగ్గీ ఉదంతాన్ని మించిన పాఠం లేదు. కాస్త ఓపిగ్గా చూద్దాం.

2018 అక్టోబర్ 2న సౌదీ జర్నలిస్ట్ ఖషోగ్గీ పెళ్లి కాగితాల కోసం ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్లాడు, తిరిగి రాలేదు. మొదట్లో అంకారా అధికారికంగా నోరు విప్పింది చాలా తక్కువ. మాట్లాడింది పత్రికలు. సబాహ్ పదిహేను మంది సౌదీ బృందం పేర్లు, ఫొటోలు ప్రచురించింది. యెని షఫాక్ కాన్సులేట్ లోపలి ఆడియోలో ఏముందో రాసింది. రోజుకో వివరం, అదీ ఇంతేనన్నట్టు లెక్కగా. రియాద్ ఒక కథ చెప్పగానే మర్నాడు దాన్ని పడగొట్టే ముక్క బయటికొచ్చేది. మొదట అసలేమీ జరగలేదన్న సౌదీ, కొట్లాటలో చనిపోయాడని మాట మార్చింది, తర్వాత ముందే వేసుకున్న పథకం అని ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్టోబర్ 23న ఎర్దోగాన్ పార్లమెంటులో తన పార్టీ సభ్యుల ముందు మాట్లాడాడు. నవంబర్ 2న వాషింగ్టన్ పోస్ట్‌లో రాసిన వ్యాసంలో, ఆదేశం సౌదీ ప్రభుత్వపు అత్యున్నత స్థాయి నుంచి వచ్చిందని అంటూనే రాజు సల్మాన్‌ను మాత్రం పక్కన పెట్టాడు. వేలు యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ వైపు తిప్పాడని పేరు చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. లీక్ చేయించిన వార్త అన్నంత మాత్రాన తప్పుడు వార్త కాదు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకురాలు ఆన్యెస్ కలమార్ టర్కీ వినిపించిన రికార్డింగుల్లో కొంత భాగం విని, 2019 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఇది రాజ్యం బాధ్యత వహించాల్సిన హత్య అని తేల్చింది. ఉద్దేశం రాజకీయమే, సమాచారంలో మాత్రం నిజం ఉంది. చదివేవాడు ఈ రెండిటినీ విడివిడిగా తూచాలి.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 2020లో ఇస్తాంబుల్ కోర్టులో సౌదీ నిందితులపై వారి పరోక్షంలో విచారణ మొదలైంది. అదే ఏడాది సౌదీలో టర్కీ సరుకుల అనధికారిక బహిష్కరణ సాగింది. 2021 చివర్లో టర్కీ కరెన్సీ లీరా విలువ కుప్పకూలింది, అంకారాకు గల్ఫ్ డబ్బు అవసరమైంది. 2022 ఏప్రిల్ 7న కోర్టు ఆ కేసును సౌదీకే అప్పగించింది. మూడు వారాలకు ఎర్దోగాన్ జెద్దాలో ఉన్నాడు. జూన్‌లో యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ అంకారాకు వచ్చాడు. నాలుగేళ్ల కిందట రోజుకో రహస్యం బయటపెట్టిన పత్రికలే ఇప్పుడు కొత్త పుట, పెట్టుబడులు, ప్రాంతీయ సహకారం అని రాశాయి.

మీరు చేయాల్సింది ఇదీ: సబాహ్ లేదా యెని షఫాక్ వెబ్‌సైట్‌లో ‘సౌదీ’ అన్న మాట వెతికి 2018 అక్టోబర్, 2020 చివర, 2022 ఏప్రిల్, ఈ మూడు కాలాల శీర్షికలు పక్కపక్కన రాసుకోండి. తర్వాత ఈజిప్టుతో అదే చేయండి. 2013లో అధ్యక్షుడు మోర్సీని దించిన సైన్యాధిపతి, తర్వాత అధ్యక్షుడైన సీసీని ఏళ్ల తరబడి కుట్రదారు అన్న పత్రికలు, 2022 నవంబర్‌లో దోహాలో చేయి కలిపినప్పుడు, 2024 ఫిబ్రవరిలో ఎర్దోగాన్ కైరో వెళ్లినప్పుడు ఎలా రాశాయో చూడండి. ఎమిరేట్స్, ఇజ్రాయెల్‌తో కూడా ఇది పనిచేస్తుంది. ఒక్కోసారి పత్రిక స్వరం ప్రభుత్వ ప్రకటన కన్నా కొన్ని వారాల ముందే మెత్తబడుతుంది. ఈ ముందస్తు మెత్తదనాన్ని పట్టుకోగలిగితే మీరు దౌత్యాన్ని నిజంగా చదవడం మొదలుపెట్టినట్టు.

ఆరో మెట్టు: కాలమిస్టులు

టర్కీలో కాలమిస్టుకు ఉన్న హోదా మన దగ్గర తక్కువ మందికి ఉంది. పాఠకులు చాలామంది వార్త వదిలేసి కాలమ్‌కు వెళ్తారు. హుర్రియెత్‌లో అబ్దుల్‌కాదిర్ సెల్వి అధికార వర్గాల లోపలి మాటకు పేరుపడ్డాడు. ఆయన ‘అంకారాలో ఇలా అనుకుంటున్నారు’ అని రాస్తే అది చాలాసార్లు పరీక్ష కోసం గాలిలోకి వదిలిన పతంగి. సెదాత్ ఎర్గిన్ పత్రాలు, తేదీలు ముందేసుకుని నెమ్మదిగా విశ్లేషిస్తాడు. మురాత్ యెత్కిన్ సొంత వెబ్‌సైట్‌లో టర్కిష్, ఇంగ్లిష్ రెండిట్లో రాస్తాడు, మొదలుపెట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పే పేరు ఆయనదే. సిరియా, కుర్దులు, కాకసస్ గురించి ఫెహిమ్ తష్తెకిన్, యూరప్‌తో సంబంధాల గురించి బర్చిన్ యినాన్చ్ లోతుగా రాస్తారు.

ఏడో మెట్టు: రాయనిది చదవండి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. 2014 జూన్ 11న మోసుల్‌లోని టర్కీ కాన్సులేట్‌ను ఐసిస్ ఆక్రమించి 49 మందిని బందీలుగా పట్టుకుంది. కొద్దిరోజుల్లోనే కోర్టు ఆ విషయంపై ప్రచురణ నిషేధం విధించింది. సెప్టెంబర్ 20న బందీలు విడుదలయ్యే దాకా సొంత దౌత్యవేత్తల గతి ఏమిటో దేశ ప్రజలు పత్రికల్లో సరిగా చదువుకోలేకపోయారు. బాంబు పేలుళ్లు, సరిహద్దు ఘటనలు జరిగినప్పుడు ఇలాంటి నిషేధాలు గంటల్లో వస్తాయి. ఒక పెద్ద సంఘటన గురించి పత్రికలన్నీ హఠాత్తుగా అధికారిక ప్రకటనకే పరిమితమైతే, నిషేధం వచ్చిందేమో ముందు వెతకండి.

నిషేధాన్ని దాటి రాసినవాళ్లకు ఏమైందో కూడా తెలియాలి. 2014 జనవరిలో సిరియా వైపు వెళ్తున్న ఎంఐటీ ట్రక్కులను దక్షిణ టర్కీలో ఆపి సోదా చేశారు. వాటిలో ఉన్నది సిరియాలోని తుర్క్‌మెన్లకు, అంటే టర్కీ మూలాలున్న ప్రజలకు, సాయం అని ప్రభుత్వం అంది. 2015 మే 29న జుమ్హురియెత్ పత్రిక ఆ సోదా దృశ్యాలు, ఆయుధాల ఫొటోలు ప్రచురించింది. సంపాదకుడు జాన్ దుందార్, అంకారా బ్యూరో చీఫ్ ఎర్దెమ్ గుల్ జైలుకు వెళ్లారు. 2016 మే 6న కోర్టు దుందార్‌కు అయిదేళ్ల పది నెలల శిక్ష వేసింది. అదే రోజు కోర్టు బయట ఒకడు ఆయనపై తుపాకీ పేల్చాడు. ఆయన ఇప్పుడు జర్మనీలో ఉంటున్నాడు. 2022 అక్టోబర్‌లో వచ్చిన సవరణ ప్రకారం ‘తప్పుడు సమాచారం’ వ్యాప్తికి ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సూచీలో 2025లో 180 దేశాల్లో టర్కీది 159వ స్థానం. మన దేశానిది 151, కాబట్టి పై నుంచి చూసి తీర్పు చెప్పే స్థితిలో మనమూ లేము.

అయినా రాసేవాళ్లు ఉన్నారు, అందుకే ఈ పత్రికలను చదవడం విలువైన పని. గాజా యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వం ఇజ్రాయెల్‌ను రోజూ దుయ్యబడుతుంటే, టర్కీ రేవుల నుంచి ఇజ్రాయెల్‌కు సరుకు వెళ్తూనే ఉందని విదేశంలో ఉంటున్న జర్నలిస్ట్ మెతిన్ జిహాన్ ఓడల వివరాలతో సహా సోషల్ మీడియాలో పెట్టాడు. అనుకూల మీడియా పట్టించుకోలేదు, చిన్న వెబ్‌సైట్లు ఎత్తుకున్నాయి. 2024 మార్చి 31 స్థానిక ఎన్నికల్లో ఒక ఇస్లామిక్ పార్టీ దాన్నే ప్రచారాస్త్రం చేసుకుని పాలక పార్టీ ఓట్లు చీల్చింది. ఏప్రిల్ 9న 54 రకాల సరుకుల ఎగుమతిపై ఆంక్షలు వచ్చాయి, మే 2న వాణిజ్యం మొత్తం ఆపేస్తున్నట్టు ప్రకటించారు.

ఎనిమిదో మెట్టు: అవతలి ఒడ్డు

ఏ వార్తకైనా ఎదుటి రాజధాని పత్రికను కూడా తెరవండి. గ్రీస్‌కు కథిమెరిని ఇంగ్లిష్ ఎడిషన్, ఇరాకీ కుర్దిస్తాన్‌కు ఎర్బిల్‌లోని రుదావ్, ఇజ్రాయెల్‌కు హారెట్జ్. వాటికీ యజమానులు, మొగ్గులు ఉన్నాయి, రుదావ్ అక్కడ అధికారంలో ఉన్న బర్జానీ కుటుంబపు పార్టీకి దగ్గర. రెండు ఒడ్డులూ ఒప్పుకున్న వివరాలను ముందు గట్టిగా పట్టుకుని, తేడాలను విడిగా రాసుకోండి.

ఒక అభ్యాసం: 2025 మే

ఇప్పటిదాకా చెప్పినదంతా మనకు బాగా తెలిసిన సంఘటన మీద వాడి చూద్దాం.

ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు. ఆ నెలాఖరులో టర్కీ విమానాలు పాకిస్తాన్‌కు ఆయుధాలు దించాయని వార్తలు వచ్చాయి. ఒక సరుకు విమానం ఇంధనం కోసం ఆగి వెళ్లిందంతే అని అంకారా ఖండించింది. ఖండించింది విదేశాంగ శాఖ కాదు, అధ్యక్షుడి కమ్యూనికేషన్స్ విభాగం అని గమనించండి. మీడియాను చూసుకునే విభాగం జవాబిచ్చిందంటే, దీన్ని ముందు ప్రచార యుద్ధంగా తీసుకున్నారని అర్థం. మే 7న విదేశాంగ శాఖ ప్రకటన వచ్చింది. భారత దాడి పూర్తిస్థాయి యుద్ధ ముప్పును పెంచిందని అంది. పహల్గామ్ తర్వాత అదే శాఖ ఏం అందో తీసి దీని పక్కన పెట్టండి. మే 9న మన అధికారులు పాకిస్తాన్ వాడిన డ్రోన్లలో టర్కీ కంపెనీ అసిస్‌గార్డ్ తయారీ సోంగార్ ఉన్నట్టు ప్రాథమికంగా తేలిందన్నారు. ఇక్కడ మొదటి మెట్టు గుర్తుచేసుకోండి. డ్రోన్లు టర్కీకి జాతీయ గర్వం, బయ్‌రక్తార్ డ్రోన్లు చేసే బయ్‌కార్ కంపెనీలో కీలక వ్యక్తి సెల్చుక్ బయ్‌రక్తార్ ఎర్దోగాన్ అల్లుడు. పాకిస్తాన్‌కు నాలుగు యుద్ధనౌకలు కట్టే ఒప్పందం 2018 నాటిది. ఈ నేపథ్యంలో అనుకూల పత్రికలు ‘సోదర దేశం’ అని ఎన్నిసార్లు రాశాయో, వ్యాపార పేజీల్లో భారత్ మార్కెట్ గురించి ఏం రాశాయో విడివిడిగా చూడండి.

మే 15న హైదరాబాద్ సహా మన విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే చెలెబి కంపెనీకి భద్రతా అనుమతి రద్దైంది. ఎర్దోగాన్ కూతురికి అందులో వాటా ఉందని మన సోషల్ మీడియాలో విపరీతంగా తిరిగింది, కంపెనీ దాన్ని ఖండించింది. మనం టర్కీ పత్రికలను అడిగే ప్రశ్నలే మన వైపు వచ్చిన ఈ మాటనూ అడగాలి: మూలం ఎవరు, పత్రం ఉందా, ఎవరికి లాభం? ఆ వారంలోనే టీఆర్‌టీ వరల్డ్ ఎక్స్ ఖాతాను మన దేశంలో నిలిపేశారు. అధికారిక స్వరం వినే ఒక దారి మూసుకుంది కాబట్టి, అలాంటప్పుడు అనదోలు వెబ్‌సైట్, విదేశాంగ శాఖ ప్రకటనలు తెరిచి చూడాలి.

ఇదంతా చదువుతూ నోట్సు రాసుకునేటప్పుడు ప్రతి వార్తకూ తేదీ, పత్రిక, మూలం మాట, వాడిన క్రియాపదం రాయండి. పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. టర్కీలో 2007 నాటి 5651 నంబరు చట్టం కింద కోర్టు ఆదేశాలతో వార్తలు వెబ్‌సైట్ల నుంచి మాయమవడం తరచూ జరిగేదే, లింకు మాత్రమే దాచుకుంటే ఏడాది తర్వాత ఖాళీ పేజీ తెరుచుకోవచ్చు.